ఊరి బంచరాయిలోని గడ్డిని కాపాడుకొనుట



నిడమనూరు ప్రాంతమున కాలువ క్రింది వరి మళ్లు దాటి పోయినచో, ఎక్కడనో ఒకచోట నీరెక్కని మిట్ట కానవచ్చును. రాళ్లు తేలిన ఎర్ర చల్క నేల, నడుమ నడుమ తంగేడు పొదలు, వానకాలమున మోకాలెత్తు గడ్డి. ఆ మిట్ట దేనికి పనికివచ్చునని అడిగినచో చాలమంది "ఉత్త బీడు" అని చెప్పుదురు. గొర్రెల కాపరిని అడిగినచో జవాబు వేరుగా నుండును. అందులో ఏ గడ్డి ఏ కార్తెలో మొలచునో, ఏది మంద ఇష్టముగా తినునో, ఏది ముట్టదో అతడు వేలు పెట్టి చూపగలడు.

ఈ పాఠము ఆ మిట్టను గురించినది. అది ఎవరును విత్తకుండ పండు పంట. ఆ పంట నిలుచుటకు ఊరివారు చేయవలసిన పనులు ఇందు వివరింపబడినవి. విత్తు, ఎరువు కంటె మొదట కావలసినది ఊరివారి ఒప్పందము. ఆ ఒప్పందము లేనిచోట ఎంత ఖర్చు పెట్టినను గడ్డి నిలువదు.

1. బంచరాయి అనగా నేమి?

మన తాతల నాటినుండి ప్రతి ఊరికి పశువులు మేయుటకు కొంత భూమి విడిచియుండిరి. దానిని మన వైపు బంచరాయి అందురు. కొన్ని చోట్ల గైరాను, కంచె అనియు, కోస్తా జిల్లాలలో మందబయలు అనియు పిలుతురు. దాని మీద శిస్తు రాదు గనుక దొరతనపు లెక్కలలో అది "పనికిరాని భూమి" వరుసలో చేరినది. శిస్తు రాకపోవుట వేరు, ఫలము రాకపోవుట వేరు. ఈ రెంటిని ఒకటిగా తలచుటవలననే చాల ఊళ్లలో బంచరాయి కరిగిపోయినది.

దాని ఫలము ఎవరికి చేరునో చూడుడు. సొంత సెంటు లేని గొల్ల కురుమల మందలకు అది మేత. తండాల ఆవులకు, కూలి చేసుకొను ఇంటిలోని ఒక్క గేదెకు అదే ఆధారము. చీపురు గడ్డి కోసి కట్టలు కట్టి అమ్ముకొను ఆడువారికి అది నాలుగు రూపాయలు. బతుకమ్మకు గునుగు, తంగేడు పూలు అచటినుండియే వచ్చును. దసరానాడు మనము చూడగోరు పాలపిట్ట అట్టి బయలు మీదనే వాలి మిడుతలను, పురుగులను ఏరుకొని తినును. పూరేడు పిట్టలు, కౌజులు గుడ్లు పెట్టునది ఆ గడ్డి దుబ్బుల నడుమనే. మిట్ట మీద గడ్డి యున్న ఊరిలో వాన నీరు మెల్లగా ఇంకి, క్రింది బావులకు దిగును. గడ్డి లేని మిట్టనుండి అదే నీరు మట్టితో కలిసి చెరువులోనికి దొరలి పూడిక యగును.

2. గడ్డి పెరుగు తీరు

గడ్డి బలమంతయు వేరులో నున్నది. చెట్టు కొన పైన నుండును గనుక కొన కొరికినచో ఎదుగుదల ఆగును. గడ్డి మొలక నేల మట్టమున నుండును గనుక పశువు కొరికినను మరల చిగురించును. అయితే చిగురించుటకు కావలసిన ఆహారము వేరులో దాచుకొన్నదే. కొత్త ఆకు బాగుగ పెరిగి తిరిగి వేరునకు ఆహారము పంపుటకు కొన్ని వారములు పట్టును. అంతలోపల మరల మరల కొరికించినచో వేరు కురుచయై, తుదకు దుబ్బు చచ్చును.

మన నల్లగొండ ప్రాంతమున సాలుకు సుమారు 700 నుండి 750 మి.మీ. వాన పడును. అందులో ఎక్కువ భాగము నాలుగు నెలలలోనే కురియును. కావున గడ్డి సంవత్సరపు లెక్క కార్తెలనుబట్టి సాగును:

మృగశిర, ఆరుద్ర కార్తెలలో పాత దుబ్బులు చిగురించును, రాలిన గింజలు మొలచును. గడ్డికి ఇది పసితనము.

పునర్వసు మొదలు మఖ వరకు ఏపుగా పెరుగును. మేతకు రుచియు, బలమును ఎక్కువగా నుండునది ఇప్పుడే.

ఉత్తర, హస్త, చిత్త కార్తెలలో వెన్ను తీసి గింజ పట్టును.

స్వాతి, విశాఖ కార్తెలలో గింజ రాలును. తరువాత గడ్డి ఎండి, తిరిగి వానలు పడువరకు వేరు మాత్రము బ్రదికియుండును.

ఈ వరుసలో రెండు గడియలు గండములు. ఒకటి పసితనము, రెండవది గింజ పట్టు కాలము. ఆ రెంటిలో మేపు అదుపులో నున్న బంచరాయి నిలుచును. అదుపు లేనిచో మంచి గడ్డి ముందుగా పోవును, ఏలయన పశువు మంచిదానినే ఏరి తినును. అంజన్ గడ్డి, మార్వెల్ గడ్డి మొదట తగ్గును. తరువాత గరిక నేలకు అంటుకొని మిగులును. తుదకు బట్టలకు, గొర్రె ఉన్నికి గుచ్చుకొను ముల్లుగింజల గడ్డియు, పశువు ముట్టని వయ్యారిభామయు మాత్రమే నిలుచును. మీ ఊరి బంచరాయిలో ఇప్పుడు ఏ గడ్డి ఎక్కువగా కలదో చూచినచో, అది ఏ మెట్టున నున్నదో మీకే తెలియును.

3. బంచరాయి తరిగిన కారణములు

మొదటిది కాలువ. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడువబడినది. ఎడమ కాలువ నీటితో నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు అన్నపు గిన్నెలైనవి. ఈ మేలును ఎవరును కాదనలేరు. కాని నీరెక్కిన ప్రతి బయలును మడియైనది. ఎక్కని మిట్టలమీదనే మందలన్నియు పడినవి.

రెండవది మందల పెరుగుదల. 2017 జూన్ నెలలో తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీ పథకమును ఆరంభించి, 75 వంతుల రాయితీపై ఒక్కొక్క కుటుంబమునకు 20 గొర్రెలను, ఒక పొట్టేలును ఇచ్చినది. 2012 పశుగణనలో రాష్ట్రమున సుమారు 1 కోటి 28 లక్షలున్న గొర్రెలు 2019 గణన నాటికి సుమారు 1 కోటి 90 లక్షలై, దేశములో ప్రథమ స్థానమునకు వచ్చినవి. గొర్రెలు పెరిగినవి గాని అవి మేయు నేల పెరుగలేదు.

మూడవది సర్కారు తుమ్మ. ఈ చెట్టు అమెరికా ఖండపుది. 1877 ప్రాంతమున కడప జిల్లాలో వంటచెరకు కొరకు దీని గింజలు వేసిరి. గొర్రెలు కాయలు తిని పెంటికలతో గింజను ఊరూర విత్తినవి. దాని నీడన మన గడ్డి పెరుగదు.

నాలుగవది మంచి మనసుతో చేసిన పొరపాటు. ఖాళీగా కనబడిన చోటెల్ల గుంతలు త్రవ్వి చెట్లు నాటుట. చెట్టు మంచిదే. కాని గడ్డి నిండుగా నున్న బయలును చీల్చి వరుసగా మొక్కలు పెట్టినచో, మొక్కయు ఆ రాతి నేలలో సరిగా ఎదుగదు, దుబ్బులును పోవును. జమ్మి, రేగు, మోదుగ వంటి మన చెట్లు అక్కడొకటి అక్కడొకటి యున్న చాలును. మొక్కలు నాటదలచినచో బాటల వెంట, చెరువు కట్టల క్రింద, బడి ఆవరణలో నాటుడు.

4. ఇతరుల అనుభవము

ఉత్తర అమెరికా నడుమ ప్రెయిరీ అను మహా పచ్చిక బయలు ఉండెడిది. అందులో నిలువెత్తు గడ్డి పెరుగు భాగమే సుమారు 17 కోట్ల ఎకరములు. ఉక్కు నాగలి వచ్చిన తరువాత దానిని దున్నివేసిరి. నేడు నూటికి నాలుగు వంతులు కూడ మిగులలేదు. 1930ల కరువులో, పొట్టి గడ్డి దున్నిన దక్షిణపు మైదానములనుండి మట్టి మేఘములై లేచి ఊళ్లను కప్పివేసినది. ఆ దెబ్బ తిన్న తరువాతనే 1935లో ఆ దేశము భూసంరక్షణకు చట్టము చేసినది. ఆ నడుమనే విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ నగరమున ఒక పాత పొలములో తిరిగి ప్రెయిరీ గడ్డిని నాట మొదలిడిరి. దశాబ్దములు గడచినను ఆ పని ఇంకను సాగుచునే యున్నది. ఒక్క నాగలి సాలుతో పోయినదానిని తిరిగి తెచ్చుటకు రెండు తరములైనను చాలదని దీనివలన తెలియుచున్నది.

మన దగ్గరి పాఠము రోళ్లపాడు. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో నున్న ఈ పచ్చిక బయలు బట్టమేక పక్షికి నివాసము. మనిషి నడుము మించిన ఎత్తున, బరువుగా నడచు ఈ పక్షి గడ్డి నేలమీదనే గుడ్డు పెట్టును. దాని కొరకు 1988లో సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడినది. కాపుదల ఫలించి గడ్డి పెరిగినది, కృష్ణజింకలు వృద్ధిపొందినవి. ఆ జింకలు చుట్టుప్రక్కల చేలలో పడి పంటలు మేసినవి. పోయిన పంటకు రైతు కోపించుట సహజము. చుట్టు చేలలో పాత మెట్ట పంటల వరుస కూడ మారినది. గడ్డి చుట్టు గీత గీచినారు గాని, ఆ గీత బయట నున్న రైతు బ్రదుకు, పక్షి బ్రదుకు ఒకదానితో ఒకటి ముడిపడియున్నవి. బట్టమేక నేడు అచట కానరాదు. 2011లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సమితి ఈ పక్షిని అంతరించు అంచున నున్నదానిగా ప్రకటించినది.

కంచె వేసినంతనే గడ్డి పెరుగును. కాని కంచె బయటివారు తమదనుకొననిచో అది ఎక్కువ కాలము నిలువదు. ఈ సంగతి ఊరి బంచరాయికిని వర్తించును.

5. మీ బంచరాయిలో ఎంత మేత కలదు?

ఒప్పందమునకు ముందు లెక్క తెలియవలెను. లెక్క లేనిచో సభలో వాదులాట తప్ప తీర్మానము జరుగదు. దీనికి యంత్రములు అక్కరలేదు.

రోహిణి కార్తెలో, వానలకు ముందే, బంచరాయిలో బాగున్న చోట రెండు, నడిమి చోట రెండు, పలుచని చోట రెండు, మొత్తము ఆరు చోట్ల మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చదరములు గుర్తించి, చుట్టు ముండ్ల కంప వేసి పశువులు ముట్టకుండ చేయుడు. చిత్త కార్తెలో వానిలోని గడ్డిని నేల మట్టమునకు కోసి, ఎండబెట్టి, తూచి, సరాసరి కట్టుడు.

ఉదాహరణకు, సరాసరి 250 గ్రాముల ఎండు గడ్డి వచ్చినదనుకొందము. ఎకరమునకు సుమారు 4,000 చదరపు మీటర్లు గనుక ఎకరమునకు 1,000 కిలోలు. అందులో సగము నేలకు విడువవలెను. అది వేరు బలమునకు, గింజకు, మట్టి కాపుదలకు. మిగిలిన 500 కిలోలే మేత.

ఊరికి 50 ఎకరముల బంచరాయి యుండి, అందులో నాలుగవ వంతు విశ్రాంతికి విడిచినచో మిగులునది 37½ ఎకరములు. మేత 18,750 కిలోలు. 25 కిలోల బరువు గల గొర్రె దినమునకు సుమారు ముప్పాతిక కిలో ఎండు మేత తినును. అనగా ఆ మేత 25,000 గొర్రె దినములకు సరిపోవును. ఊరిలో 500 గొర్రెలున్నచో 50 దినములు.

ఈ యాబది దినముల లెక్క చూచి నిరాశ పడవలదు. ఏడాది పొడుగున మంద అంతయు బంచరాయి మీదనే బ్రదుకదని కాపరులకు తెలియును. గట్లు, కోతలైన చేలు, చెట్ల ఆకు, కాయ మిగిలిన దినములను నింపును. ఆ యాబది దినములు ఎప్పుడు వాడుకొనవలెను, ఎవరు వాడుకొనవలెను అనునదే సభ తేల్చవలసిన విషయము.

6. వంతులవారీ మేపు

బంచరాయిని నాలుగు భాగములు చేయుడు. హద్దులకు ఖర్చు పెట్టి కంచె వేయనక్కరలేదు. వాగు, బాట, రాళ్ల వరుస, సున్నము పూసిన గుండ్లు చాలును.

మొదటి సంవత్సరము ఒక భాగమును మృగశిర నుండి విశాఖ వరకు పూర్తిగా విడువవలెను. గింజ రాలిన తరువాత ఎండు గడ్డిని కొడవలితో కోసుకొనవచ్చును, లేక మందను తోలవచ్చును. గొర్రె గిట్టల త్రొక్కుడువలన గింజ మట్టిలోనికి దిగును, అది మేలే. మరుసటి సంవత్సరము రెండవ భాగమునకు విశ్రాంతి. ఇట్లు నాలుగేండ్లకు ప్రతి భాగమును ఒక్కసారి గింజ రాల్చును.

మిగిలిన మూడు భాగములలో ఒకదాని తరువాత ఒకటి మేపవలెను. గడ్డి జానెడు ఎత్తునకు రానిదే మందను తోలరాదు. బెత్తెడు మిగిలియుండగానే తరలించవలెను. జాన, బెత్త అందరి చేతికిని ఉన్న కొలతలు గనుక తగవునకు తావుండదు.

మృగశిర, ఆరుద్రలలో గడ్డి జానెడు కాలేదు, మంద ఎక్కడికి పోవలెను? ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు ఆయకట్టు రైతుల చేతిలో నున్నది. యాసంగి వరి కోసిన తరువాత చాలమంది గడ్డికి నిప్పు పెట్టుచున్నారు. దానిని కట్టలు కట్టి దాచినచో ఆ మూడు నాలుగు వారములు ఆవులను, గేదెలను ఇంటివద్దనే కట్టి మేపవచ్చును. గొర్రె వరిగడ్డిని అంతగా ముట్టదు. కాని పెద్ద పశువులు బంచరాయినుండి తప్పుకొన్నచో ఆ మేరకు ఒత్తిడి తగ్గును. నిప్పు పెట్టని కొయ్యకాళ్ల చేలలో మొలచు పచ్చిక గొర్రెలకు దక్కును. రాత్రివేళ ఆ చేలలో మంద కట్టించుకొన్న రైతునకు ఎరువు దక్కును. ఇది మన పెద్దల నాటి ఇచ్చిపుచ్చుకోలే. బంచరాయి నిలుచుటకు ఆ పాత బంధమును తిరిగి కట్టవలెను.

7. పాడైన చోట్ల బాగుచేత

సర్కారు తుమ్మను పైపైన నరికినచో నాలుగింతలు చిగురించును. కాయ పట్టకముందే, వాన పడి నేల మెత్తగా నున్నప్పుడు, మొదలు వేరుతో సహా పెల్లగించవలెను. మొత్తము ఒక్కసారి తీసివేయవలదు. సాలుకు ఒక పట్టె చొప్పున తీసి, వెంటనే గడ్డి విత్తనము చల్లవలెను. ఆ కట్టెతో బొగ్గు కాల్చి బ్రదుకు కుటుంబములు ఊరిలో నుండును. ఆ పని వారికే అప్పగించినచో వారును ఒప్పందములో భాగస్థులగుదురు.

ఖాళీ నేలకు విత్తనము కొరకు దూరము పోనక్కరలేదు. విశ్రాంతి భాగములో చిత్త, స్వాతి కార్తెలలో వెన్నులు దూసి, నీడన ఆరబెట్టి, గోనె సంచిలో దాచుడు. కొత్తగా తీసిన అంజన్ గింజ వెంటనే మొలవదు. కొన్ని నెలలు నిలువ యుండవలెను గనుక వచ్చు మృగశిరకు సరిగా సిద్ధమగును. ఎకరమునకు రెండు కిలోల విత్తనమును తడి ఇసుకతో కలిపి, తొలి వానకు పైపైన గీరిన నేలలో చల్లి, ముండ్ల కొమ్మ ఈడ్చిన చాలును. లోతుగా పడినచో మొలవదు. వాలునకు అడ్డముగా చిన్న కాలువలు తీసి, వాని గట్టున చల్లినచో తేమ నిలుచును.

పప్పుజాతి మేతగా స్టైలోను కొందరు చల్లుదురు. అది మన దేశపు మొక్క కాదు. పూర్తిగా బోసియైన చోట, పొలము గట్లమీద వేసికొనవచ్చును. మన గడ్డి నిలిచియున్న చోట అక్కరలేదు. దున్నుట ఎక్కడను వలదు.

8. ఊరిని కలుపుకొనుట

బంచరాయి సభకు పట్టాదారులు మాత్రమే వచ్చినచో ఆ తీర్మానము కాగితము మీదనే నిలుచును. మంద తోలువాడు, గడ్డి కోయునది, తండా పెద్ద, బొగ్గు కాల్చువాడు, కూలి ఇంటి గేదె గలవారు ముందు వరుసలో కూర్చుండవలెను. మొదటి మాట కాపరి చెప్పవలెను, ఏలయన అందరికంటె ఎక్కువ దినములు ఆ నేలమీద నడచినవాడు అతడే. విశ్రాంతి భాగము వలన మొదట నష్టపడువాడును అతడే. ఆ నష్టమును ఊరు ఎట్లు పూరించునో అదే సభలో తేల్చి, చిట్టాలో వ్రాయవలెను.

సంవత్సరమునకు ఒకనాడు ఊరంతయు బంచరాయికి పోవుట మంచిది. దానికి బతుకమ్మ పూల దినముకంటె తగినది లేదు. గునుగు, తంగేడు పూచు కాలమును, గడ్డి గింజ పట్టు కాలమును ఒకటే. ఆడువారు పూలు కోయుచుండగా బడిపిల్లలు చదరముల గడ్డిని కోసి తూచి, ఫలితమును పంచాయతీ గోడమీద వ్రాయవచ్చును. పూలను కూడ అంతయు కోయక, మొక్కకు కొన్ని విత్తునకు విడువవలెనని పిల్లలకు చెప్పుడు. బజారులో కొన్న పూలతో పండుగ జరుగును గాని, ఆ పూవు ఎక్కడ పూచునో పిల్లలకు తెలియకపోవును.

చట్టము కూడ మీకు తోడుగా నున్నది. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య సంఘము ఉండవలెను. ఊరి గడ్డి జాతుల పేర్లు, వాని వాడుక ఆ సంఘపు రిజిస్టరులో వ్రాయించుడు. 2011 జనవరి 28వ తేదీన జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఆక్రమణకు గురియైన ఊరి ఉమ్మడి భూములను తిరిగి ఊరికి చేర్చుటకు ఏర్పాట్లు చేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. మొదట మీ గ్రామ నక్షాలో బంచరాయి సర్వే నెంబరును, విస్తీర్ణమును తెలిసికొని, నడచి హద్దులు చూచుకొనుడు. హద్దు తెలియని భూమిని ఎవరును కాపాడలేరు. గడ్డి రకములను గుర్తించుటలో సందేహములున్నచో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రమును సంప్రదింపవచ్చును.

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును పచ్చిక భూములకు, పశుపాలకులకు అంతర్జాతీయ సంవత్సరముగా ప్రకటించినది. లోకము గుర్తించినదానిని మన ఊరు గుర్తించుటకు ఆలస్యము చేయరాదు. కాలువ నీరు ఎక్కని ఆ మిట్ట, నీరు లేక పోయిన సంవత్సరమున కూడ పచ్చబడునట్టి నేల. దానిని మన పిల్లలకు గడ్డితో సహా అప్పగించుదము.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరి బంచరాయి సర్వే నెంబరు ఏది? లెక్కలో ఎన్ని ఎకరములు? నడచి చూచిన ఎన్ని?
2. ముప్పది ఏండ్ల క్రిందట అందులో ఉండి ఇప్పుడు కానరాని గడ్డి, పిట్ట, పూవు ఏవి? పెద్దలను అడుగుడు.
3. ఈ సంవత్సరము ఏ భాగమునకు విశ్రాంతి ఇత్తుము? దానివలన ఎవరికి ఇబ్బంది? ఆ ఇబ్బందిని ఎవరు, ఎట్లు తీర్తురు?
4. యాసంగి గడ్డికి నిప్పు పెట్టకుండ దాచుటకు ఎందరు రైతులు సిద్ధముగా నున్నారు?
5. ఆరు చదరముల గడ్డిని తూచు బాధ్యత ఎవరిది?